మల్హారి తలలో గంట

చేతిలో కత్తి ఆడుతున్న మనిషికి ఎదురుగా రొమ్ము విరుచుకుని నిలబడి, "వెయ్యరా చూద్దాం" అన్న మొనగాడు మా ఆదోని మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. వాడిని నేనే. పేరు ఖండోజీ. కటికవాళ్లం, నాలుగు తరాలుగా మాంసం కొట్టు. నేను చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. అందులోనూ మూడు తరగతులు పంతులుగారికి తలకాయ మాంసం మోసుకుపోయి ఇచ్చినందుకు దాటినవి. కాబట్టి నేను చెప్పబోయే సైన్సులో తప్పులుంటే నన్ను కాదు, ఆ మాంసం తిన్న పంతుల్ని నిలదీయండి.

నేను వయసులో ఉన్నప్పుడు కత్తి వేస్తే పొట్టేలు అరుపు సగం ఈ లోకంలో, సగం ఆ లోకంలో వినపడేది. ఒకసారి ఒక మేకపోతు తల తెగిన సంగతి తెలియక కాసేపు నెమరు వేసింది. నవ్వకండి, కళ్లారా చూసినవాళ్లున్నారు. అందరూ పోయారనుకోండి, అది వేరే సంగతి.

నా తర్వాత కొట్టు నా అల్లుడు మల్హారిది. మాంసం కొట్టే మొద్దు ముందు కూర్చుంటే అతను రాజు. తొడ ఎముక మీద కత్తి వేస్తే ఒక్క దెబ్బకు రెండు ముక్కలు, మధ్యలో చిన్న పెంకు కూడా రాలేది కాదు. అటువంటి మనిషి ఇంటికి రాగానే పిల్లిని చూసిన ఎలుక అయిపోయేవాడు. పిల్లి ఎవరంటారా? కత్తిపీట. అవును, వంకాయలు తరిగే కత్తిపీట. దాన్ని చూస్తే చాలు, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. చివరికి ఇంట్లో గోరు కత్తిరించుకునే బ్లేడు కూడా లేకుండా పోయింది. నా కూతురు తుల్జమ్మ ఉల్లిపాయలు పక్కింటికి తీసుకుపోయి తరుక్కొచ్చేది.

ఒకరోజు కొట్టు కడుగుతూ నాతో చెప్పాడు.

"మామా, నా తలకాయలో ఒక సినిమా ఆడతాది. మా అంబు మెడ. నా కత్తి. అంతే సినిమా. అయిపోతాది, మళ్లా మొదలయితాది."

అంబు అతని కూతురు. అప్పటికి మూడేళ్లు నిండుతున్నాయి.

"నువ్వు చేస్తావా అట్లాంటి పని?" అన్నాను.

"చచ్చినా చెయ్యను."

"మరింకేంది?"

"చెయ్యనని యెట్లా నమ్మేది మామా? నమ్మేదానికి లోపల ఏదో ఒకటి ఉండాల గదా. నాకు అది లేదు."

అతను వసారాలో పడుకునేవాడు. లోపలి నుంచి గొళ్లెం పెట్టుకోమని పెళ్లానికి చెప్పేవాడు. పెట్టుకున్నాక తలుపు తట్టి, "పెట్టినావా?" అని అడిగేవాడు. "పెట్టినా" అంటే నమ్మకం కుదరదు, తీసి మళ్లీ పెట్టి వినిపించాలి. అలా తీసినప్పుడల్లా అతను గోడ దాకా వెనక్కి జరిగేవాడు. మా ఇంటి గొళ్లెం అరిగిపోయి దబ్బనమంత అయింది. వీధిలో నడిచేటప్పుడు చీమను తొక్కానేమోనని చెప్పు తిప్పి చూసుకునేవాడు, చూసుకుంటూ బజారు దాకా వెనక్కి వెళ్లేవాడు. ఇంతా చేసి, ఆ మనిషి తన జీవితంలో ఒక్కరి మీద చెయ్యి ఎత్తలేదు. అది గుర్తుపెట్టుకోండి.

ఊరి బయట పాత పత్తి మిల్లులో ఒక పరిశోధనశాల వెలిసింది. ఇలా చేసిన పనే చేసేవాళ్లకు, చూసిందే చూసేవాళ్లకు కొత్త వైద్యం కనిపెడుతున్నారని విని తుల్జమ్మ మొగుణ్ణి అక్కడికి లాక్కుపోయింది. తోడుగా నేనూ వెళ్లాను. అక్కడి పెద్ద నిరుపమ అనే డాక్టరమ్మ. సన్నగా, తెల్లగా, కళ్లద్దాలతో ఉంటుంది. ఆమె దగ్గర యంత్రాలు నడిపేవాడు ఏసుదాసు. మల్హారి తలకు తీగల టోపీ తొడిగి తలుపు వెయ్యమన్నారు, చేతులు కడుక్కోమన్నారు, దేవుడికి దండం పెట్టుకోమన్నారు. తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి పారుతూనే ఉంది. ఎండిన చెరువులా చదును.

"ప్రతి మనిషి తలలో ఒక గంట ఉంటుందమ్మా," అంది డాక్టరమ్మ తుల్జమ్మతో. "పని అవగానే 'చాలు' అని మోగుతుంది. తలుపు వేశామా, మోగుతుంది, వెళ్లిపోతాం. మీ ఆయనకు మోగడం లేదు. ఆయన తప్పేం లేదు."

"అయితే మీరొక గంట కడతారా?"

"బియ్యపు గింజంత యంత్రం తయారు చేశాం. పుర్రె కింద పెడితే మోగిస్తుంది. కానీ అరువు గంట పనికిరాదు. ఆయన సొంత గంట ఎప్పుడైనా ఒక్కసారి మోగితే, ఆ మోతను అచ్చు తీసి గింజలో పెట్టాలి. ఎక్కడ మోగుతుందో తెలియడం లేదు."

తుల్జమ్మ ఆలోచించింది. "ఆదివారం కొట్టుకాడికి రాండి మేడమ్. అక్కడ ఈ మనిషి వేరే మనిషి."

వచ్చారు. తీగల టోపీ మీద మల్హారి తువ్వాలు చుట్టుకున్నాడు. తోళ్లు పెట్టే పెట్టె మీద ఏసుదాసు కంప్యూటరు తెరిచాడు. ఆ రోజు జనం విరగబడ్డారు. కొక్కేలకు పొట్టేళ్లు వేలాడుతున్నాయి, కాలువలో నెత్తురు నురగ కడుతోంది, కుక్కలు గుంపు కట్టాయి. మల్హారి కత్తి లేపాడు. తొడ రెండయింది. ఎండిన చెరువు లాంటి గీత మీద కొండ లేచింది.

"కొండ! మేడమ్, కొండ!" అని ఏసుదాసు కేకపెట్టాడు. 

కత్తి పడింది, కొండ లేచింది. మెడ, కొండ. పక్కటెముక, కొండ. డాక్టరమ్మ కళ్లద్దాల మీద నెత్తుటి చుక్క ఒకటి ఎగిరి పడింది. ఆమె తుడుచుకోలేదు, చిన్నపిల్లలా నవ్వుతోంది. "ఇంకా కొట్టండి మల్హారిగారూ, ఇంకా కొట్టండి!" అంటోంది. నేను కూడా చప్పట్లు కొట్టాను. ఆ రోజు అమ్మకం తల నుంచి తోక దాకా అయిపోయింది. ఏసుదాసు మాత్రం నెల రోజులు మాంసం ముట్టలేదని విన్నాను.

గింజ పెట్టారు. చెవి వెనక చిన్న కుట్టు, అంతే.

ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇల్లు ఇల్లులా ఉంది. మల్హారి తలుపు ఒక్కసారి వేసేవాడు, తల కొంచెం వంచి దేన్నో విన్నట్టు విని, "ఆ" అని వచ్చేసేవాడు. ఒక పొద్దున తానే వెళ్లి కొత్త కత్తిపీట కొనుక్కొచ్చి, నడింట్లో కూర్చుని ఉల్లిపాయ తరిగాడు. తుల్జమ్మ కళ్లు తుడుచుకుంటుంటే, "ఉల్లిపాయ చానా ఘాటు," అన్నాను నేను. "ఊరుకో నాయనా," అంది. అంబును రొమ్ము మీద పడుకోబెట్టుకుని అతను లోపలి గదిలో నిద్రపోయాడు. వసారా చాప చుట్టి అటక మీద పెట్టేశాం.

మెదడు మహా గడుసుది. గంట ఎక్కడి నుంచి వచ్చిందో అది వాసన పట్టింది.

మొదట అన్నం తినడం అయ్యాక పళ్లెం మీద అరచేత్తో చరిచేవాడు. తర్వాత చరిస్తే చాలేది కాదు. ఒకరోజు గుమ్మం ముందు విడిచిన చెప్పులన్నీ సగాలు సగాలుగా కనపడ్డాయి. నావి, తుల్జమ్మవి, పాపం పాలవాడివి కూడా. "ఎవడు చేసినాడు ఈ పని?" అంటే, "నేనే మామా, తలుపు వేసినాక గంట మోగల్లేదు, మోగించినా," అన్నాడు, నీళ్లు తోడాను అన్నంత మామూలుగా. ఆ తర్వాత అంబు ఉయ్యాల తాడు తెగింది. అందులో పిల్ల లేదు. అప్పటికి లేదు.

తర్వాత కిష్టప్ప సంగతి. కిష్టప్పది బస్టాండు దగ్గర బిర్యానీ హోటలు. మా కొట్టులో ఒక పద్ధతి ఉంది. కొనేవాడు మొద్దు మీది మాంసానికి వేలు ఆనించి "ఇక్కడ కొట్టు" అని చూపిస్తాడు. వేలు తీసేదాకా మా కత్తి గాలిలో ఆగుతుంది. ఎవరూ నేర్పరు, తండ్రిని చూసి కొడుకు చెయ్యి నేర్చుకుంటుంది. ఎంత జనం ఉన్నా, ఎంత కోపంలో ఉన్నా ఆ చెయ్యి ఆగాల్సిందే. కిష్టప్ప ముప్పై ఏళ్లుగా అలాగే వేలు పెడుతున్నాడు.

"ఇక్కడ కొట్టప్పా," అన్నాడు.

మల్హారి చెయ్యి ఆగలేదు.

చూపుడువేలు చివర తెగి తొడ ముక్కల్లో కలిసిపోయింది. కిష్టప్ప వెంటనే అరవలేదు. మొద్దు వంక చూశాడు, తన చేతి వంక చూశాడు, మళ్లీ మొద్దు వంక చూశాడు. అప్పుడు అరిచాడు. నెత్తురు మల్హారి చొక్కా మీదికి చిమ్మింది. మల్హారి కత్తి తుడుచుకుని తల కొంచెం పక్కకు వంచాడు. ముఖం నిండా ప్రశాంతత.

"ఇంగేం కావాల అన్నా? బోటి తీసుకుంటావా?"

"అల్లుడా! వాని వేలు!" అని నేను గావుకేక పెట్టాను.

"అయిపాయ గదా మామా. అయిపోయినదానికి కేకలేల?"

చీమ కోసం బజారు దాకా వెనక్కి నడిచిన మనిషి అన్న మాట అది. కిష్టప్ప పాత స్నేహితుడు కాబట్టి తన పొరపాటే అని నలుగురికీ చెప్పుకున్నాడు. మల్హారి ముఖం చూసిన తుల్జమ్మకు మాత్రం పొరపాటు ఎక్కడుందో తెలిసింది. కొంగు దోపుకుని, నన్ను వెంటబెట్టుకుని పత్తి మిల్లుకు నడిచింది.

డాక్టరమ్మ ఆ ఆదివారం నాటి కొండలను తెర మీద మళ్లీ వేయించింది. ఒక కొండను పెద్దది చేసింది. కొండకు ముందు చిన్న గుంట ఉంది. ప్రతి కొండకూ ఉంది. ఆమె ఆ గుంట మీద వేలు ఆనించింది.

"ఇది భుజం లేవడం," అంది. "ఇది దిగడం. ఇది ఎముక రెండు కావడం. ఆ తర్వాతే గంట. మేం గంటను ఒక్కదాన్నే తీశామనుకున్నాం తుల్జమ్మా. చెయ్యి కూడా దాంతో వచ్చేసింది. ఏదో ఒకటి రెండుగా తెగితే గానీ ఆ మోత పూర్తి కాదు."

"ఆ రోజు కొట్టమని మీరే చెప్తిరి గదా మేడమ్. నవ్వితిరి గూడా."

"నవ్వాను," అంది డాక్టరమ్మ. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

తీసెయ్యమంటే, మనిషి ఒప్పుకోకుండా తలలో చెయ్యి పెట్టలేం అంది. మల్హారిని అడిగాము. "తీసేదేంది? పెళ్లయినప్పటి నుంచి నిద్ర లేదు నాకు. ఇప్పుడు పడుకుంటే తెల్లారుతాంది. నాకేం రోగం?" అన్నాడు. అందులో అబద్ధం లేదు. మా అందరిలోకీ సుఖంగా నిద్రపోయేవాడు అతనొక్కడే.

చివరికి డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. చక్రంలాంటి అయస్కాంతాన్ని చెవి వెనక ఆనిస్తే గింజ నిద్రపోతుంది. పిల్లకు అపాయం ఉంది కాబట్టి ఆ మాత్రం చెయ్యవచ్చు, తీయడం సంగతి తర్వాత అతనే తేల్చుకుంటాడు. దాన్ని సిద్ధం చేసుకుని శనివారం పొద్దున ఇంటికి వస్తామన్నారు. శనివారమయితే మల్హారి ఇంట్లోనే ఉంటాడు కదా అని లెక్క వేసుకున్నారు. మేమూ తల ఊపాం. శనివారం మా ఊళ్లో సగం మంది నీచు ముట్టరు, కొట్టు మూత. కొట్టు మూత అంటే కత్తికి పని లేదు. కత్తికి పని లేకపోతే మల్హారికి గంట లేదు. ఇంతమందిమి ఉన్నాం, ఆ ముక్క ఒక్కరికీ తట్టలేదు.

శనివారం డాక్టరు వ్యాను ఇంకా రాలేదు. మల్హారి కొట్టుకు పోయి వచ్చాడు. ఖాళీ మొద్దును కొట్టి వచ్చాడని తర్వాత చూస్తే తెలిసింది. మా వంశంలో ఖాళీ మొద్దు మీద కత్తి దింపినవాడు లేడు. మొద్దు తెగలేదు, గంట మోగలేదు. చంకలో పెద్దకత్తి పెట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. తుమ్ము రాబోయి రానివాడి ముఖంలా ఉంది అతని ముఖం.

తుల్జమ్మ వాకిట్లో కారం దంచుతోంది. లోపలి గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద అంబు నిద్రపోతోంది.

"కత్తి యేల తెచ్చినావు ఇంటికి?" అంది తుల్జమ్మ.

"పనుండాది."

"ఏం పని?"

"తెలీదు," అన్నాడు. నిజంగానే తెలియదని ముఖం చూస్తే అర్థమయింది. కళ్లు వాకిలంతా వెతికి లోపలి మంచం మీద ఆగాయి. అటు అడుగు వేశాడు.

తుల్జమ్మ లేచింది. ఏ మాట అయితే పెళ్లయిన నాటి నుంచి అతన్ని చిత్రవధ చేసిందో, ఏ మాట ఇంట్లో పలకవద్దని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పిందో, ఆ మాటే అంది.

"గేటు గొళ్లెం వేసినావా?"

"వేసినా."

"నాకు సప్పుడు వినపల్లేదే. బాగా గుర్తుండాదా?"

అతను ఆగాడు. గడప మీద ఒక కాలు, వాకిట్లో ఒక కాలు. లోపల ఎక్కడో పాత మల్హారి తలెత్తినట్టు నుదురు ముడిపడింది. వెనక్కి తిరిగి గేటు దగ్గరికి పోయాడు. గొళ్లెం వేశాడు, తీశాడు, వేశాడు. మోగలేదు. కత్తి లేచింది. కొయ్య గేటు నడిమికి చీలి వీధిలోకి పడింది. తల వంచి విన్నాడు. ఊపిరి వదిలాడు. నవ్వు కూడా వచ్చింది. ఆ నవ్వు ముగిసేలోపే మళ్లీ తుమ్ము ముఖం.

"కొళాయి కట్టినావా?" అంది తుల్జమ్మ.

పైపు తెగింది. నీళ్లు పాము పడగలా లేచాయి.

"తీగ మీద గుడ్డలు తీసినావా?"

తీగ తెగింది. నా పంచె రెండు తువ్వాళ్లయింది. పక్కింటివాళ్లు తొంగిచూసి, తలుపులు వేసుకున్నారు. కోళ్లగంప చీలింది, ఒక కోడి తల లేకుండా వాకిలంతా పరిగెత్తి తులసికోట దగ్గర కూలింది. ఎర్ర నీళ్లు మెట్ల దాకా పారుతున్నాయి. ఒక్కో దెబ్బకు ఒక్కో ఊపిరి, అంతే. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం తగ్గుతోంది. నరికినదే నరికి ముక్కలు చేస్తున్నాడు. తుల్జమ్మ గొంతు బొంగురుపోయింది, అయినా ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూనే ఉంది. వ్యాను జాడ లేదు.

"డ్రమ్ముకు మూత పెట్టినావా?"

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మొదట్లో రొమ్ము విరుచుకుని నిలబడ్డానని చెప్పాను కదా, అదంతా ఉత్తదే. గేటు తెగినప్పుడే నేను నీళ్ల డ్రమ్ము వెనక్కి చేరాను. గొంతుక్కూర్చున్నాను. నా బిడ్డ ఆ సంగతి మరిచిపోయి డ్రమ్ము పేరు ఎత్తింది. లేదా మరిచిపోలేదు. ఆ అనుమానం నాకు ఇప్పటికీ ఉంది.

డ్రమ్ము నిలువునా చీలింది. నీళ్లన్నీ నా నెత్తిన పడ్డాయి. మల్హారి వంగి చూశాడు. "మామా, నువ్వా," అన్నాడు, దారిలో ఎదురుపడ్డట్టు. కత్తి లేచింది. అంచు నుంచి నీటిచుక్క ఒకటి జారి నా ముక్కు మీద పడింది. ఆ సమయంలో నేనొక మాట అన్నది నిజమే. "వెయ్యరా చూద్దాం" మాత్రం కాదు.

"నేను కాదు అల్లుడా, నేను కాదు!" అన్నాను. నేను కాకపోతే ఎవరో, ఏం కాదో నాకే తెలియదు.

వాకిట్లో తెగనిది ఇంకేమీ మిగల్లేదు, నేను తప్ప. తుల్జమ్మ రోకలి చేతిలోకి తీసుకుంది. అప్పుడు అడిగింది, నెమ్మదిగా.

"పాప ఊపిరి తీస్తాందా? చూసినావా?"

ఆ ప్రశ్న వేసినందుకు నేను తర్వాత నా కూతుర్ని తిట్టాను. "కత్తి పట్టుకున్నవాణ్ణి బిడ్డ మీదికి తోలతావా?" అన్నాను. "నేను ఆ మనిషిని నమ్మి అడిగినా నాయనా, గంటను నమ్మి కాదు," అంది. "నమ్మితే రోకలి యేల తీసుకున్నావే?" అన్నాను.

అతను లోపలికి పోయాడు. ఆమె వెనకే పోయింది. చీలిన డ్రమ్ము పక్క నుంచి నాకు మంచం అంతా కనపడుతూనే ఉంది. వంగి పాప ముక్కు కింద ఎడమచేతి వేలు పెట్టాడు. తల వంచి విన్నాడు. తీశాడు, మళ్లీ పెట్టాడు. ఊపిరి తగులుతోంది, గంట మోగడం లేదు. ఏదో ఒకటి తెగాలి కదా. కుడిచేతిలో కత్తి లేచింది. ఇన్నేళ్లుగా అతని తలలో ఆడిన సినిమా సరిగ్గా ఇదే. అతని వెనక తుల్జమ్మ చేతిలో రోకలి లేచింది, అతని నడినెత్తికి సూటిగా. రెండు చేతులూ గాలిలో ఆగాయి. వేలు తీసేదాకా ఆగే చెయ్యి ఉంటుందని చెప్పానే, అలా ఆగాయి.

మల్హారి ఎడమచెయ్యి మంచం పట్టె మీద పెట్టి, కత్తి దాని మీద దింపాడు.

చిటికెన వేలు, ఉంగరపు వేలు పట్టె అవతల పడ్డాయి. పట్టె కూడా తెగింది. అతను తల వంచి విన్నాడు. "చాలు," అని నేల మీద కూలబడ్డాడు. కత్తిని తానే మంచం కిందికి తోసేశాడు. నెత్తురు గచ్చు మీద పారుతుంటే, అది వేరేవాళ్లది అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. తుల్జమ్మ కొంగు చింపి చెయ్యి బిగించి కట్టింది.

అప్పుడు వచ్చింది వ్యాను. విరిగిన గేటు దాటుకుని డాక్టరమ్మ పరిగెత్తి వచ్చి, చక్రం అతని చెవి వెనక అదిమింది. ఏసుదాసు మీట తిప్పాడు. గింజ నిద్రపోయింది. ఆ క్షణమే మల్హారి అరిచాడు. నా కత్తి కింద పోయిన పొట్టేళ్లన్నీ కలిసి అరిస్తే ఎలా ఉంటుందో అలా అరిచాడు. అరుపు మధ్యలోనే అన్నాడు:

"పాపకు తగిలిందా? తుల్జా, తగిలిందా చూడు. చూసినావా? మళ్లీ చూడు. సరిగ్గా చూడు!"

ఆ పాత అనుమానం చెవిన పడ్డాకే తుల్జమ్మ రోకలి వైపు చూసి, దాన్ని కాలితో దూరంగా నెట్టి భోరున ఏడ్చింది.

గింజ తీసేశారు. ఈసారి తీయమని అడిగింది మల్హారే. కొన్నాళ్లకు డాక్టరమ్మ వచ్చి, వేరేచోట అచ్చు తీసిన గంట పెట్టవచ్చు, ఆలోచించుకోమంది. పిల్ల నవ్వినప్పుడో, పాట విన్నప్పుడో మోగేదాన్ని వెతుకుతామంది.

"వద్దు మేడమ్," అన్నాడు. "అది మోగేటప్పుడు బాగుంటాది. అయితే అది మోగినంతసేపు నేను నాకు కనపల్లేదు."

ఆమె బలవంతపెట్టలేదు. గంటల పరిశోధన ఆపేసిందో, ఇంకెవరి తలలోనైనా వెతుకుతోందో నాకు తెలియదు, అడిగితే మాట మారుస్తుంది. గురువారం గురువారం మాత్రం మా ఇంటికి వస్తుంది. నడింట్లో కత్తిపీట పెట్టి, ఇటు తాను, అటు మల్హారి కూర్చుంటారు. చెయ్యి తొడ కింద పెట్టకూడదు, లేచి పోకూడదు, "నేను చేస్తానా?" అని ఎవరినీ అడగకూడదు. భయం దానంతట అది అలిసిపోయేదాకా కూర్చోవాలి. "ఇది కొత్త వైద్యమేం కాదు, పాతదే," అంటుంది డాక్టరమ్మ. మల్హారికి చెమటలు కారతాయి. ఒక్కోసారి ఏడుస్తాడు. మొన్న ఒక వంకాయ తరిగాడు. పుచ్చు వంకాయే అనుకోండి, కానీ తరిగాడు. వసారా చాప మళ్లీ దిగింది, గొళ్లెం మళ్లీ అరుగుతోంది. కొట్టులో ఎవరైనా వేలు పెడితే కత్తి ఆగుతుంది, వేలు తీశాక కూడా కాసేపు ఆగుతుంది. జనం విసుక్కుంటారు. విసుక్కోనీ. కిష్టప్ప మాత్రం ఇప్పుడు ముక్కను కళ్లతోనే చూపిస్తాడు.

ఇందులో నేను కల్పించింది ఏదని మీరు అడుగుతారు, నా సంగతి మీకు తెలుసు కాబట్టి. నెమరు వేసిన మేకపోతు అనుకుంటున్నారేమో. దాన్ని మాత్రం వదలను, అది నిజం. కోడి నిజం, రోకలి నిజం, డ్రమ్ము వెనక ముసలాడు నిజం. మంచం మీద అంబు నిద్రపోతోందని చెప్పానే, అదొక్కటి కల్పన. మీరు కాస్త నిమ్మళంగా వింటారని అలా అన్నాను.

పిల్ల మేలుకునే ఉంది. గేటు తెగినప్పటి నుంచి మేలుకునే ఉంది. వాళ్ల నాయన కత్తి ఎత్తి, ముక్కు కింద వేలు పెట్టినప్పుడు కళ్లు తెరిచి అతన్నే చూస్తోంది. అమ్మ అడిగిన ప్రశ్న తననే అనుకుందో ఏమో, జవాబు చెప్పింది.

"ఊపిరి తీస్తాండా నాయనా," అంది.

ఆ మాట విన్నాకే అతను ఎడమచెయ్యి మంచం పట్టె మీద పెట్టాడు.